తెల్లటి మెట్టు

మార్చి 3, సోమవారం

మేస్త్రి అన్న మాటల్ని తేదీలతో సహా రాసిపెట్టుకోవడానికి ఈ డైరీ మొదలుపెడుతున్నాను. ఎనిమిదింటికి వస్తానన్న మనిషి పదకొండుంబావుకు వచ్చాడు. హాల్లో నిలబడి, గోడల్ని చాలా కాలానికి కలిసిన చుట్టాల్ని చూసినట్టు చూసి, "గట్టి గోడలు సార్. పాతకాలం పని. కొట్టాలంటే మనసొప్పదు" అన్నాడు. మనసు ఒప్పనక్కర్లేదు, సుత్తి ఉంటే చాలన్నాను.

ఎన్ని రోజులు పడుతుందని అడిగితే "నలభై సార్" అన్నాడు. రాసుకున్నాను. నలభై.

ఈ ఇంట్లోకి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. వీధి తలుపు తెరిస్తే సొరంగం లాంటి నడవ. దానికి కుడిపక్క గోడ, గోడ వెనక వంటగది. ఎడమపక్క గోడ, గోడ వెనక హాలు. నడవ చివర పడకగది. వంటగదికి తూర్పు కిటికీ ఉంది, హాలుకు పడమటి కిటికీ ఉంది, నడవలో మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. డిజైనరమ్మ గీసిన బొమ్మలో ఆ రెండు గోడలూ లేవు. తూర్పు నుంచి పడమటికి ఒకటే గది, ఒకటే వెలుతురు. ఆ బొమ్మ చూసిన రోజున నాకు ఇంకేమీ వద్దనిపించింది.

రెండేళ్ళ క్రితం కంటి డాక్టరు మా ఆవిడను పరీక్ష చేసి, కంట్లో ఒత్తిడి పెరిగిందనీ, చూపు అంచుల్లో తగ్గుతోందనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలనీ చెప్పాడు. ఇంకా చాలా చెప్పాడు. నేను గట్టిగా పట్టుకుంది ఒక్కటే: "ఇంట్లో వెలుతురు బాగా ఉండేలా చూసుకోండి."

చూసుకుంటున్నాను. ఇదంతా తన కోసమే.

మార్చి 4

రాలేదు.

మార్చి 5

రాలేదు. ఫోను చేస్తే "దారిలో ఉన్నా సార్" అన్నాడు. సాయంత్రం ఆరింటికి చేసినా దారిలోనే ఉన్నాడు. అంత పొడుగు దారి ఈ ఊళ్ళో ఎక్కడుందో నాకు తెలియదు.

మార్చి 8, శనివారం

వంటగది వైపు గోడ పడిపోయింది. నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సుకు సెలవు పెట్టి దగ్గరుండి చూశాను. నలుగురు మనుషులు పొద్దున తొమ్మిది నుంచి రెండింటి దాకా కొట్టారు. ఆఖరి ఇటుకల వరుస పోగానే తూర్పు వెలుతురు నడవలోకి వచ్చి పడింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

కింది ఇంటి మాస్టారు టీ కప్పు పట్టుకుని పైకి వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. "ఇది మీ గోడేనా చూడండి" అని కప్పు నా ముక్కు కింద పెట్టారు. టీ మీద సున్నం తెట్టె కట్టింది. క్షమించమన్నాను. "క్షమిస్తాను, టీ ఎవరు పెడతారు?" అన్నారు. మా వంటగది ఇటుకల కింద ఉందని చూపించాను.

మా ఆవిడ పడకగది గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. వెలుతురు వచ్చింది చూడమన్నాను. చూసింది. కాసేపటికి, "రెండో గోడ ఒక్కటైనా ఉంచకూడదా?" అంది.

"అది ఉంటే సగం వెలుతురు పోతుంది. నీ కోసమే కదా ఇదంతా" అన్నాను.

సరేనంది.

అంటే, సరేనన్న మాట నోటితో అనలేదు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది, దుమ్ము రాకుండా.

మార్చి 12, బుధవారం

ఇంట్లో రాసుకోవడానికి బల్ల లేదు. బల్ల మీద కుర్చీలు, కుర్చీల మీద గిన్నెలు. అందుకని ప్రెస్సులో, భోజనాల వేళ, ఇంకు డబ్బాల మధ్య కూర్చుని రాస్తున్నాను.

డిజైనరమ్మ తెలుపు రంగులు పంపింది. పదకొండు తెలుపులు. మామూలు మనిషికి పదకొండూ ఒకటే. నేను ఇరవై ఆరేళ్ళుగా రంగులు కలిపి బతుకుతున్నవాణ్ణి. నాలుగోదానిలో చిటికెడు పసుపు ఉంది, తొమ్మిదోదానిలో నీలం ఉంది. ఏడోది స్వచ్ఛమైన తెలుపు. గోడలకు ఏడు, తలుపులకు ఏడు, వంటబల్లకు దాని జోడు. ఎక్కడా గీత కనిపించకుండా అంతా ఒకటిగా కలిసిపోవాలి.

మా ఆవిడను ఎంచమన్నాను. అట్టముక్కలు చేతిలోకి తీసుకుని, పేకముక్కల్లా అటూ ఇటూ కలిపి, వేలితో అంచులు తడిమి, "మీ ఇష్టం" అని తిరిగి ఇచ్చేసింది.

చిరాకేసింది. పద్దెనిమిదేళ్ళు బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టరుగా చేసిన మనిషి. దారం రంగు ఇంత తేడా ఉంటే వెనక్కి పంపించేది. నిరుడు మెడ నొప్పి అని ఆ ఉద్యోగం మానేశాక దేని మీదా ఆసక్తి లేదు. ఏం అడిగినా మీ ఇష్టమే. ఒక మనిషి ఇంత శ్రమ పడుతుంటే పక్క మనిషి ఓ మాట సాయం చెయ్యకపోతే ఎలా?

మార్చి 13

ఏడో నంబరే ఖాయం చేశాను.

మార్చి 19, బుధవారం

అమ్మాయి ఫోను. వేరే ఊళ్ళో ఉద్యోగం, వారానికోసారి మాట్లాడుతుంది. ఇల్లు ఎంతవరకు వచ్చిందో చెబుతుంటే మధ్యలో, "అమ్మని అడిగావా నాన్నా?" అంది.

"ఏమని?"

"ఆవిడకి ఎలా కావాలో."

"అమ్మ కోసమేనే చేస్తున్నది!"

"అది కాదు నేనడిగింది" అంది. తల్లి పోలిక. రెండో గోడ కూడా నిన్ననే పడిపోయిందని చెప్పి పెట్టేశాను.

మార్చి 27, గురువారం

మేస్త్రితో గొడవ. వంట సింకును కిటికీ దగ్గర నుంచి గది మధ్యకు తెస్తే మా ఆవిడ వంట చేసుకుంటూ హాల్లోకి చూడొచ్చునని డిజైనరమ్మ ఆలోచన. మంచి ఆలోచన. కానీ సింకు మధ్యకొస్తే నీళ్ళ గొట్టం నేల మీదుగా పోవాలి, గొట్టం దాచాలంటే వంటగది వైపు నేలను ఆరంగుళాలు ఎత్తు చెయ్యాలి. అంటే ఒక మెట్టు. ఆ చివర నుంచి ఈ చివర దాకా, సన్నగా, అందంగా ఒకే ఒక్క మెట్టు. బొమ్మలో అన్నిటికంటే నాకు నచ్చింది అదే.

మేస్త్రి తాపీ కింద పెట్టేశాడు. "మెట్టొద్దు సార్. సింకు ఉన్నచోటే ఉంచండి."

"ఎందుకు?"

"అమ్మగారు తిరిగే ఇల్లు..."

"అమ్మగారికేం?"

తల గోక్కున్నాడు. గోక్కుని, "ఏం లేదు సార్" అన్నాడు.

పనికి ఒళ్ళు వంగక ఇవన్నీ. సాయంత్రం మా ఆవిడ కూడా ఎటో చూస్తూ, "ఆ మెట్టు అవసరమా అండీ?" అంది. ఇద్దరూ కూడబలుక్కున్నట్టున్నారు.

మెట్టు ఉంటుంది.

ఏప్రిల్ 2

రాలేదు. ఇసుక రాలేదట. ఇసుక వచ్చిన రోజున మనిషి రాడు.

ఏప్రిల్ 9, బుధవారం

ఈ రోజు జరిగింది రాయాలని లేదు. మేస్త్రి అన్న మాటలు రాయడానికే కదా డైరీ పెట్టింది, రాస్తున్నాను.

మా ఆవిడ పడకగదిలోంచి నీళ్ళ కోసం వచ్చింది. గోడలు పోయిన చోట సిమెంటు బస్తాలున్నాయి. చెయ్యి ముందుకు చాచి, గాల్లో ఏదో వెతుకుతున్నట్టు నిలబడింది. మేస్త్రి లేచి వెళ్ళి, "ఇటు రండమ్మా, ఇక్కడ బస్తా" అని దారి చూపించాడు. ఆవిడ నీళ్ళు తాగి వెళ్ళాక నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, మనం కొట్టేసిన గోడకి నడుమెత్తున ఒక చార ఉండేది, చూశారా? వీధి తలుపు నుంచి పడకగది దాకా. నున్నగా, నల్లగా."

"పాత సున్నం. మురికి."

"మురికి కాదు సార్. చెయ్యి. మా అమ్మకి చివర్లో చూపు ఆనేది కాదు. మా ఇంట్లోనూ గోడకి అలాంటి చారే ఉండేది. అమ్మగారికి కనపడట్లేదు సార్. మీకు తెలుసనుకున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్ను గోడలు కొట్టడానికి పిలిచాను, మా ఆవిడకి రోగం అంటగట్టడానికి కాదు. ఆవిడ కళ్ళ సంగతి చూడ్డానికి డాక్టరున్నాడు. పోయినేడాది పరీక్షలో బాగానే ఉందన్నారు. పని చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటాను" అన్నాను. అంతకన్నా గట్టిగానే అన్నాను. కింది మాస్టారు మెట్ల మీదకి వచ్చి చూశారు.

మేస్త్రి చేతులు కడుక్కుని, తాపీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎవరింట్లో అయినా గోడకు చేతి మరకలు ఉంటాయి.

ఏప్రిల్ 12, శనివారం

ఇవాళ్టికి నలభై రోజులు. నేల సగం, కప్పు సగం, మేస్త్రి లేడు.

ఏప్రిల్ 16

కొత్త మనిషి దొరికాడు. పలకలు పరిచే పనివాడు. నోట్లో నాలుక లేదు. ఏం చెబితే అది చేస్తాడు. ఇలాంటివాడు మొదటే దొరికి ఉంటే ఈ పాటికి అయిపోయేది.

ఏప్రిల్ 26, శనివారం

అయిపోయింది!

తెల్ల పలకలు, అద్దంలా మెరిసేవి, ఈ చివర నుంచి ఆ చివర దాకా. తెల్ల గోడలు, తెల్ల వంటబల్ల. మెట్టు కూడా అదే పలకతో. నేలలోంచి మెట్టు ఎక్కడ మొదలైందో కనిపెట్టలేనంత చక్కగా కుదిరింది. పొద్దున ఎనిమిదింటికి తూర్పు ఎండ లోపలికి వస్తే ఇల్లంతా వెలిగిపోయింది. నా కళ్ళే చెదిరాయి.

డిజైనరమ్మ చప్పట్లు కొట్టింది. వచ్చే నెల ఫొటోలు తీసుకోవడానికి వస్తానంది.

మా ఆవిడ "బాగుంది" అంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకునే అంది. ఇంట్లో ఎందుకవి అంటే, ఇంకా దుమ్ముందండీ అంది. దుమ్మెక్కడుంది? పొద్దున రెండుసార్లు తుడిపించాను.

ఏప్రిల్ 29

పడకగదిలోంచి బయటికి రావడం లేదు. ఇంత చేసింది పడకగదిలో కూర్చోవడానికా?

మే 1, గురువారం

గాజు గ్లాసు పగిలింది. వంటబల్ల అంచుకు అవతల పెట్టింది, అంటే గాల్లో పెట్టింది. ఇది మూడోది. చూసుకుని పెట్టాలి కదా అన్నాను. మామూలుగానే అన్నాను. కింద కూర్చుని ముక్కలు ఏరబోయింది, చేత్తో తడుముతూ. నేనే చీపురు తెచ్చాను.

మే 3, శనివారం

మెట్టు దగ్గర పడిపోయింది. చెప్పు జారింది.

మే 4

కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఎముకల డాక్టరు ఎలా పడ్డారని అడిగితే చెప్పు జారిందని నేనే చెప్పాను. చెప్పు జారడం ఎవరికైనా జరుగుతుంది.

మే 6

తను ఇంట్లో చెప్పులు వేసుకోదు.

మే 10, శనివారం

కంటి డాక్టరు దగ్గరికి నేను కూడా వెళ్ళాను. ఎముకల డాక్టరే వెళ్ళమన్నాడు. నేను చెప్పు సంగతి చెబుతుంటే ఆయన నా మొహం వైపు కాకుండా మా ఆవిడ కళ్ళ వైపు చూశాడు.

చూపు ఎంత మేర ఉందో కొలిచే పరీక్ష చేశారు. కాగితం తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టాడు. కుడి కంటికి ఒక గుండ్రం, ఎడమ కంటికి ఒక గుండ్రం. గుండ్రాల నిండా నలుపు. మధ్యలో చొక్కా బొత్తాం అంత తెలుపు.

"ఈ తెల్లగా ఉన్నంత మేరే ఆవిడకు కనిపించేది" అన్నాడు.

"పోయినేడాది..."

"పోయినేడాదీ దాదాపు ఇంతే. మీకు చూపించలేదా?"

నేను తన వైపు చూశాను. తను కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఎలా పడిందని అడిగాడు. ఇల్లు ఎలా కట్టించానో చెప్పాను. తెల్ల నేల, తెల్ల గోడలు, తెల్ల మెట్టు, రెండు వైపుల నుంచీ ఎండ. మీరు చెప్పినట్టే వెలుతురు బాగా ఉండేలా చూశానన్నాను. ఆయన కాసేపు పెన్ను మూత పెట్టడం తియ్యడం చేశాడు.

"వెలుతురు ఉండాలన్నాను, నిజమే. మెరుపు ఉండకూడదని కూడా చెప్పాను. గుమ్మాలు, మెట్లు, బల్ల అంచులు వేరే రంగులో కొట్టొచ్చినట్టు ఉండాలని చెప్పాను. ఆవిడ చూడగలిగేది తేడాని. మీరు తేడా లేకుండా చేశారు. ఆ ఇంట్లో నడవడమంటే ఆవిడకి పాలల్లో నడిచినట్టు."

చెప్పే ఉంటాడు.

ఇంటికొచ్చి తనను హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాను. తను కూర్చున్నాక కూడా కుర్చీ చేతిని వదల్లేదు.

"బాగానే ఉందన్నావు కదా" అన్నాను.

"అన్నాను."

"ఎందుకు?"

"మొదటిసారి డాక్టరు చెప్పినప్పుడు మీ మొహం చూశాను. అప్పటికి ఇంకా కనిపించేది. రెండోసారి అది చూడాలనిపించలేదు."

"మరి మెడ నొప్పి?"

"నా మెడకేం, బాగానే ఉంది. ఒకావిడ తెచ్చిన ఖరీదైన గుడ్డని అడ్డంగా కోసేశాను. సుద్దతో నేను గీసిన గీత నాకే కనిపించలేదు. ఓనరు ఏమీ అనలేదు. ఇంకో ముక్క తెప్పించి, ఈసారి వేరేవాళ్ళకి ఇచ్చాడు. ఆ రోజే మానేశాను."

"నాకు చెప్పొచ్చు కదా!" గొంతు పెరిగింది. నాకే తెలిసింది. "నాకు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పాను. గోడ ఒక్కటైనా ఉంచమన్నాను. మెట్టు అవసరమా అన్నాను."

"కనిపించట్లేదని చెప్పలేదు."

"మీరు అడగలేదండీ. ఏ తెలుపు అని అడిగారు. ఏ పలక అని అడిగారు. ఎలా ఉంది నీకు అని రెండేళ్ళలో ఒక్కసారి అడిగారా? అడిగితే చెప్పాల్సొస్తుందని నేను, చెబితే వినాల్సొస్తుందని మీరు."

తనే మళ్ళీ అందుకుంది.

"పాత ఇంట్లో నాకు లైటు కూడా అక్కర్లేదు. తలుపు తీస్తే గోడ. తొమ్మిదడుగులు వేస్తే వంటింటి గుమ్మం. గుమ్మం దాటి చెయ్యి చాపితే స్టవ్వు. అన్నీ నా చేతి కొలతలో పెట్టుకున్నాను, ఒక్కోటీ, ఎవరికీ తెలియకుండా. ఇప్పుడు తలుపు తీస్తే మైదానంలో వదిలేసినట్టుంది. మీకు అదొక చీకటి కొట్టు. అది నేను కట్టుకున్న ఇల్లు. దాన్ని కూలగొట్టి మీరు బొమ్మలో ఇల్లు కట్టారు."

"అంతా నీ కోసమే కదా చేసింది..."

"ఆ మాట ఇంకోసారి అనకండి."

మధ్యాహ్నం ఎండ పలకల మీద పడి తన మొహం మీదకి కొడుతోంది. తను కళ్ళు మూసుకుంది. నేను లేచి కర్టెన్ వేద్దామనుకున్నాను. కర్టెన్లు లేవు. వద్దన్నది నేనే.

మే 11, ఆదివారం

నిన్న రాసింది మళ్ళీ చదువుకున్నాను. మార్చి నుంచి రాసింది కూడా. ప్రతి పేజీలోనూ మేస్త్రి మీద చిరాకు. తను సరేనంది అని రాశాను, అనలేదని నాకు తెలుసు. గ్లాసు గాల్లో పెట్టిందని రాశాను, ఎందుకు పెట్టిందో రాయలేదు. నడవ చీకటిగా ఉందని గోడలు కొట్టించాను. ఆ నడవలో తను గోడ పట్టుకుని నడవడం నేను చూడలేదా? చూశాను. చాలాసార్లు చూశాను. చూసి పేపరు వైపు తల తిప్పుకున్నాను.

అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. అవతల ఏడుస్తోందని తెలిసింది. "నాకు తెలుసు నాన్నా, నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది" అంది. అందరికీ తెలుసు. మేస్త్రికి పని మొదలెట్టిన నెలకే తెలిసింది.

మే 13, మంగళవారం

మేస్త్రి ఎక్కడ పనిచేస్తున్నాడో కింది మాస్టారు చెప్పారు. ప్రెస్సు నుంచి నేరుగా వెళ్ళాను. సగం కట్టిన మేడ, మూడో అంతస్తు. తూకపు గుండు దారానికి కట్టి గోడ నిలువు చూస్తున్నాడు. నన్ను చూసి కూడా గుండు ఆగేదాకా తల ఎత్తలేదు.

"తప్పు నాదే మేస్త్రీ" అన్నాను. దారంతా ఇంకా పెద్దగా ఏదో అనుకుంటూ వచ్చాను. అంతే వచ్చింది.

"తప్పుల సంగతి తర్వాత సార్. అమ్మగారి చెయ్యి ఎలా ఉంది?"

"కట్టులో ఉంది. నువ్వు మళ్ళీ రావాలి. మెట్టు తీసెయ్యాలి."

దారం చేతికి చుట్టుకున్నాడు. "వస్తా. కానీ సార్, ఈసారి ఏం చెయ్యాలో మిమ్మల్ని అడగను. అమ్మగారిని అడుగుతా. మీరు మధ్యలో మాట్లాడకూడదు. దానికి ఒప్పుకుంటే వస్తా."

ఒప్పుకున్నాను.

మే 17, శనివారం

నన్ను పడకగదిలో కూర్చోమన్నారు. నిజంగానే. నా ఇంట్లో, నేను కష్టపడి కట్టించుకున్న ఇంట్లో, మేస్త్రి "మీరు లోపల ఉండండి సార్" అంటే తను "అవునండీ, కాసేపు" అంది.

తలుపు సందులోంచి చూశాను. వీధి తలుపు నుంచి పడకగది దాకా మేస్త్రి ఒక తాడు కట్టాడు. తను ఎడమ చేత్తో తాడు పట్టుకుని నడిచింది. "ఇంకాస్త కిందికి" అంది. దించాడు. మళ్ళీ నడిచింది. "ఇక్కడ వంటింట్లోకి తిరగాలి." సుద్దతో గుర్తు పెట్టాడు. పక్క గోడలకూ బల్లకూ మధ్య జాన పెట్టి కొలిచింది. దుకాణంలో గుడ్డ కొలిచినట్టే, అదే వేగం. నా మీద ఇంతెత్తున లేచే మేస్త్రి ఒక్క ఎదురు మాట లేకుండా "సరేనమ్మా, సరేనమ్మా" అని రాసుకుంటున్నాడు.

గోడ మళ్ళీ కట్టమంటుందేమో అనుకున్నాను. "పూర్తి గోడ వద్దు. పొద్దున పూట ఆ ఎండ బాగుంటుంది, వెచ్చగా తెలుస్తుంది. నడుమెత్తు చాలు, పైన చెక్క" అంది. ఎండ తనకి నచ్చిందని నాతో అనలేదు.

మధ్యలో ఇద్దరూ ఏదో అనుకుని నవ్వారు. ఏమిటో వినపడలేదు. నా గురించే అయ్యుంటుంది.

మే 20, మంగళవారం

మెట్టు పగలగొట్టారు. సింకు మళ్ళీ కిటికీ కింద పాత చోటికే. కింది మాస్టారు ఈసారి కప్పు మీద సాసరు మూత పెట్టుకుని వచ్చారు. "కట్టడానికీ చప్పుడే, కూల్చడానికీ చప్పుడేనా?" అన్నారు. విషయం చెప్పాను. సాసరు తీసి టీ ఆవిడకి ఇచ్చి వెళ్ళిపోయారు.

మే 29

మేస్త్రి రెండు రోజులుగా రాలేదు. చిరాకుగా ఉంది. ఈసారి ఆ చిరాకు మేస్త్రి మీదేనని రాసుకోవచ్చు.

జూన్ 5, గురువారం

మెరుపు పలకల మీద గరుకు పలకలు వేయించాం, బూడిద రంగువి. పది అడుగుల దూరం నుంచి చూస్తే వాన వెలిసిన రోడ్డులా ఉంది. డిజైనరమ్మ ఫొటోలకు వచ్చి, గుమ్మంలోనే ఆగి, "అయ్యో" అని వెళ్ళిపోయింది.

చుక్కల మందు ఇప్పుడు నేనే వేస్తున్నాను, చేతి కట్టు వల్ల. తల వెనక్కి వాల్చి కళ్ళు తెరుచుకుని ఉంటుంది. ఇవాళ వేస్తుంటే అడిగాను, "నేను కనిపిస్తున్నానా?"

"ముక్కు కనిపిస్తోంది. కాస్త వెనక్కి జరిగితే కళ్ళు కూడా."

జరిగాను.

"ఈ కాస్తా కూడా పోతే?" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"అప్పుడు రంగులతో పనుండదు. పట్టుకోవడానికి చెక్క ఉంటుంది కదా" అంది, పక్క వీధికి దారి చెప్పినంత మామూలుగా. చుక్క గురి తప్పి చెంప మీద పడింది. "మందు పారబొయ్యకండి" అంది.

జూన్ 14, శనివారం

నడుమెత్తు గోడ అయింది, పైన చెక్క బిగించారు. రంగు వెయ్యడం మిగిలింది. చెక్కకు, గుమ్మాల చట్రాలకు, వంటబల్ల అంచుకు, స్విచ్చి బోర్డుల చుట్టూ. ఏ రంగో తనే చెబుతానంది. మేస్త్రి పది రంగు డబ్బాల మూతలు తెచ్చి తెల్ల గోడకు ఒక్కొక్కటే ఆనించి చూపించాడు. తను నాలుగడుగుల దూరంలో నిలబడి, తల అటూ ఇటూ తిప్పి, చిన్న కన్నంలోంచి చూస్తున్నట్టు ఒక్కొక్కదాన్నీ వెతికి పట్టుకుంది.

"ఇది. వంకాయ రంగు."

నేను నోరు మూసుకున్నాను. ఒప్పందం అది.

"బోర్డుల చుట్టూ నారింజ."

అప్పుడు కూడా మూసుకున్నాను. అది అంత తేలికైన పని కాదని రాసిపెట్టుకుంటున్నాను.

మధ్యాహ్నానికి రంగు వేసి మేస్త్రి వెళ్ళిపోయాడు. ఏడో నంబరు తెలుపు గోడల నిండా వంకాయ రంగు గీతలు. గుమ్మం గుమ్మానికీ, అంచు అంచుకీ. మధ్యమధ్య నారింజ చదరాలు. ప్రెస్సులో ఇలాంటి ప్రూఫు వస్తే మొత్తం చించేసి మళ్ళీ మొదటి నుంచి వెయ్యమని పంపించేవాణ్ణి.

తను వీధి తలుపు దగ్గర నుంచి బయలుదేరింది. చెక్క తడిగా ఉందని ముట్టుకోలేదు, పక్కన నడిచింది. తొందరపడలేదు, ఆగలేదు. వంటింటి గుమ్మం దగ్గర తిరిగి లోపలికి వెళ్ళింది. గ్లాసు తీసి నీళ్ళు పట్టుకుంది. తాగి, బల్ల మీద పెట్టింది. అంచుకు బెత్తెడు ఇవతల.

అక్కడి నుంచే, "ఎలా ఉందండీ?" అని అడిగింది.

బాగుంది అనబోయాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"దరిద్రంగా ఉంది" అన్నాను.

తను బల్లకు ఆనుకుని, కట్టు ఉన్న చెయ్యి పొట్టకు నొక్కుకుని, నవ్వడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని.

"తెలుసు" అంది నవ్వుతూనే. "నాకు కనిపిస్తోంది."